కేసు వేయడానికి రెండేళ్లే గడువు
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపులు, బ్యాంకు లింకేజీ, వసూళ్ల లెక్కలు ఇప్పటికే విన్నారు. మేము ఇంకో లెక్క చెప్తాం. ఇది రోజుల లెక్క.

గ్రామ సంఘాల మీటింగుల్లో ఈ మాట తరచూ వింటున్నాం. కుట్టు మిషను కొన్నామమ్మా, చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి. షాపుకెళితే "కంపెనీకి రాసాం, వచ్చే వారం రండి" అంటారు. ఆ వారం కాస్తా నెల అవుతుంది, పండగ దాటుతుంది. గట్టిగా అడిగితే కూర్చోబెట్టి టీ తాగిస్తారు. మర్యాదగానే మాట్లాడతారు, అదే చిక్కు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019, 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు కమిషన్‌లో కేసు వేయాలి. షాపు చుట్టూ తిరిగిన రోజుల్ని ఇందులోంచి తీసెయ్యరు. ప్లీడరు చేత నోటీసు ఇప్పించినా, 1915కి ఫోను చేసినా కేసు వేసినట్టు కాదు.

కందిమళ్ల రాఘవయ్య అండ్ కంపెనీ అని ఒక పొగాకు వ్యాపార సంస్థ. 1988 మార్చి 22 రాత్రి వారి సరుకు కాలిపోయింది. బీమా ఉంది. కానీ సంస్థ క్లెయిం ఫారాలు అడిగింది 1992లో. బీమా కంపెనీ 1996లో జవాబిచ్చింది. 1997లో కేసు వేసి, ఆ జవాబు వచ్చిన రోజు నుంచి గడువు లెక్కపెట్టమన్నారు. 2009లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. సరుకు కాలిన రోజు నుంచే లెక్క అంది. లాయర్లను పెట్టుకోగల సంస్థ గతే అలా అయితే, మన సంగతి చూసుకోండి.

ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే కమిషన్ మన్నించవచ్చు, ఆ కారణాన్ని రాతలో పెట్టి మరీ. ఆసుపత్రిలో ఉన్నామంటే కాగితం చూపించొచ్చు. "షాపాయన రేపు రమ్మన్నాడు" అన్నదాన్ని నమ్ముకుని మాత్రం కూర్చోవద్దు.

ఇంకో మాట అంటారు, మిషను మీద సంపాదిస్తున్నావు కాబట్టి నువ్వు వ్యాపారివి, వినియోగదారువి కాదని. తప్పు. సొంత కష్టంతో బతుకుతెరువు కోసమే వాడుకుంటే వినియోగదారుకిందే లెక్క. చట్టంలోనే ఉంది.

కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా మనం విజయనగరంలోని జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. వస్తువుకి కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ప్లీడరు తప్పనిసరి కాదు. గజపతినగరం నుంచి బస్సు ఛార్జీ మాత్రం మనదే.

మన మినిట్స్ పుస్తకంలో తేదీ లేకుండా ఏ తీర్మానం మీదా సంతకం పెట్టం కదా. షాపు విషయంలోనూ అంతే. కొన్న రోజు, పాడైన రోజు, అడిగిన రోజు, వాళ్లేమన్నారో ఒక కాగితం మీద రాయండి. అడిగేదేదో రాతలో అడిగి, నకలు దగ్గర పెట్టుకోండి. ఆరు నెలలు దాటినా తేలకపోతే గ్రామ సంఘంలో చెప్పండి, రాసి పెట్టడానికి మేమున్నాం.

వచ్చే నెల మీటింగుకి బిల్లులు పట్టుకురండి. ఇప్పటి మిషను బిల్లుల మీద అక్షరాలు కొన్నాళ్లకే వెలిసిపోతున్నాయి, వాటికి ముందు జెరాక్సు తీయించండి.