‘తింటున్నాడు’ – ఇప్పుడా, అప్పుడా?



ఇంగ్లీషులో ‘పాస్ట్ కంటిన్యూయస్’ అనే కాలం ఒకటుంది. దీన్నే ‘పాస్ట్ ప్రోగ్రెసివ్’ అని కూడా అంటారు. గడిచిపోయిన ఒకానొక సమయంలో ఒక పని ఇంకా పూర్తికాకుండా జరుగుతూ ఉందని చెప్పడానికి దీన్ని వాడతారు. బడిపిల్లలు దీని సూత్రాన్ని గడగడా ఒప్పజెబుతారు. సొంతంగా వాక్యం రాయవలసి వస్తే మాత్రం తడబడతారు. ఆ తడబాటుకు కారణం మన తెలుగులోనే ఉంది. దానికి విరుగుడు మన ఇరుగుపొరుగు భాషల్లో ఉంది.

ఈ రెండు వాక్యాలు వినండి. ‘అన్నయ్య ఇప్పుడు తింటున్నాడు.’ ‘నిన్న నేను వెళ్ళేసరికి అన్నయ్య తింటున్నాడు.’ మొదటిది ఇప్పటి సంగతి, రెండవది నిన్నటి సంగతి. అయినా క్రియ మారలేదు. ఎందుకంటే, ‘తింటున్నాడు’లో ఇమిడి ఉన్న ‘ఉన్నాడు’ అనే మాటను మనం రెండు కాలాలకూ వాడతాం. ‘ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు’ అంటాం, ‘నిన్న ఇంట్లో ఉన్నాడు’ అనీ అంటాం. ఏ కాలమో పక్కనున్న మాటలను బట్టి తెలుసుకుంటాం.

ఇంగ్లీషులో అలా కుదరదు. ఇప్పుడైతే ‘హి ఈజ్ ఈటింగ్’, అప్పుడైతే ‘హి వాజ్ ఈటింగ్’. పిల్లవాడు ‘వెన్ ఐ వెంట్, హి ఈజ్ ఈటింగ్’ అని రాశాడంటే తెలివి తక్కువై కాదు. తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించాడు, అంతే.

ఇక్కడే సరిహద్దు జిల్లాల వారికి ఒక సదుపాయం ఉంది. బళ్ళారి, కోలారు వైపు వినిపించే కన్నడంలో ఇప్పటి పనికి ‘ఊట మాడుత్తిద్దానె’ అని, అప్పటి పనికి ‘ఊట మాడుత్తిద్ద’ అని అంటారు. హోసూరు, కృష్ణగిరి వైపు తమిళంలో ‘సాప్పిట్టుక్కొండిరుక్కిఱాన్’ వేరు, ‘సాప్పిట్టుక్కొండిరుందాన్’ వేరు. నాందేడ్ వైపు మరాఠీలో ‘జేవత్ ఆహే’, ‘జేవత్ హోతా’. బరంపురం, రాయగడ వైపు ఒడియాలో ‘ఖాఉఛి’, ‘ఖాఉథిలా’. ఈ జంటల్లో రెండవ మాట ఎక్కడ పలుకుతారో అక్కడ సాధారణంగా ఇంగ్లీషులో ‘వాజ్’ పలకాలి. తెలుగులోనూ కొన్ని ప్రాంతాల వారు ‘తింటుండె’ అంటారు. అది మోటు మాట అని పిల్లల్ని గద్దించకండి. ‘వాజ్ ఈటింగ్’ నేర్పడానికి అదే మంచి మెట్టు.

ఇక సూత్రం చిన్నది. ‘ఐ, హి, షి, ఇట్’ల పక్కన ‘వాజ్’, ‘వి, యు, దే’ల పక్కన ‘వర్’, ఆపైన ‘ఇంగ్’తో ముగిసే క్రియ. ఒక పని సాగుతుండగా మధ్యలో మరొకటి జరిగితే, సాగుతున్న దానికే ఈ రూపం. ‘వి వర్ రీడింగ్ వెన్ ది లైట్స్ వెంట్ ఆఫ్.’ చదువు సాగుతోంది, దీపాలు పోయాయి.

ఈ తేడా మార్కుల కోసమే కాదు. ‘హి వాజ్ డ్రౌనింగ్’ అంటే నీళ్ళలో మునిగిపోతున్నాడు, కాపాడి ఉండవచ్చు. ‘హి డ్రౌన్డ్’ అంటే మునిగి చనిపోయాడు. ‘హి వాజ్ క్రాసింగ్ ది రోడ్’ అంటే ఆ క్షణానికి మనిషి రోడ్డు మధ్యలో ఉన్నాడు. ‘హి క్రాస్డ్ ది రోడ్’ అంటే అవతలికి చేరుకున్నాడు. ప్రమాదం గురించి ఇంగ్లీషులో రాసి ఇచ్చే కాగితంలో ఈ ఒక్క మాట తారుమారైతే జరిగిన సంగతే తారుమారవుతుంది.

రెండు జాగ్రత్తలు. తెలియడం, ఇష్టపడడం వంటివి పనులు కావు, స్థితులు. కనుక ‘ఐ వాజ్ నోయింగ్’ అనకూడదు, ‘ఐ న్యూ’ అనాలి. ‘చిన్నప్పుడు రోజూ ఏటికి వెళ్తుండేవాణ్ణి’ అనేది అలవాటు. దానికి ‘ఐ యూజ్డ్ టు గో’ అంటే సరిపోతుంది.

తల్లిదండ్రులారా, ఈ రాత్రి భోజనాలయ్యాక పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగండి: ‘నిన్న సాయంత్రం 7 గంటలకు మన ఇంట్లో ఎవరెవరు ఏం చేస్తున్నారు?’ ముందు ఇంటి భాషలో చెప్పమనండి, తర్వాత ఊరి భాషలో, ఆ తర్వాత ఇంగ్లీషులో. వారం రోజులు ఇలా చేస్తే ‘వాజ్’, ‘వర్’ నాలుక మీదికి వాటంతటవే వస్తాయి. రెండు భాషల మధ్య పెరగడం పిల్లలకు బరువు కాదు, బలమేనని వారికీ తెలుస్తుంది.