మూతపడిన ఫ్యాక్టరీ – పంచాయతీ బాధ్యత

(పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



గ్రామమున ఒక ఫ్యాక్టరీ వెలసినప్పుడు తోరణములు కట్టుదురు, ప్రారంభోత్సవము జరుపుదురు, పదిమందికి పని దొరకునని అందరును సంతోషింతురు. అది మూతపడినప్పుడు మాత్రము ఎవ్వరును సభ చేయరు. యంత్రములు అమ్ముడుపోవును. యజమాని వెడలిపోవును. జీతము లేక కావలివాడును కొన్నాళ్ళకు మానుకొనును. మిగిలిపోవునవి తుప్పు పట్టిన పీపాలు, ఆవరణలో ఒక మూల పోసిన మడ్డి, వ్యర్థజలపు గుంట. వీనితో మనకు పనిలేదని ఊరకుందుము. కాని వానకాలము రాగానే ఆ మడ్డిలోని విషము నేలలో ఇంకి, మన బావికి దారి చేసికొనును. కావున అట్టి చోట్ల విషయమై పంచాయతీ చేయవలసినదేమో నేడు మేము మీకు విన్నవింపదలచినాము.

రాజస్థాన్ రాష్ట్రములో ఉదయపూర్ జిల్లాయందలి బిచ్ఛ్రి గ్రామము మనకు గొప్ప పాఠము నేర్పుచున్నది. 1988లో అచ్చట ‘హెచ్ ఆమ్లము’ అను రసాయనమును తయారుచేయ మొదలిడిరి. గుడ్డల రంగుల తయారీలో ఇది ఉపయోగపడును. 1989 ఆరంభముననే ఆ పని నిలిచిపోయినది. ఇంచుమించు ఒక్క సంవత్సరములో తయారైన సరుకు సుమారు 375 టన్నులు. దానివెంట పుట్టిన విషపు మడ్డి 2,400 టన్నుల పైమాట. అనగా సరుకు ఒక పాలైతే మడ్డి ఆరు పాళ్ళు. సరుకు ఎగుమతి కొరకు తయారైనది. మడ్డి మాత్రము ఊరికి మిగిలినది.

శుద్ధి చేయని ఆ మడ్డిలోని విషము నేలలో ఇంకగా బావుల నీటి రంగు మారినది. ఆ నీరు మనుష్యులకు గాని, పశువులకు గాని, పైరులకు గాని పనికిరాకపోయినది. వ్యవహారము 1989లో సుప్రీంకోర్టున కెక్కినది. మడ్డిని గోతులలో భద్రముగా పూడ్చిపెట్టవలసినదని కోర్టు ఆజ్ఞాపించినది. అయినను పూడ్చిపెట్టినది సుమారు 720 టన్నులు మాత్రమే. మిగిలినదానిని ఆవరణలోను, చుట్టుపట్లను చల్లి, మట్టిలో కలిపివేసిరి. దానితో ఎంత మడ్డి ఎచ్చట నున్నదో తేల్చుటయే కష్టమైనది. మట్టి కప్పినంతమాత్రాన విషము మాయము కాదు. కంటికి మరుగైన విషము మరింత ప్రమాదకరము.

1996 ఫిబ్రవరి 13వ తేదీన తీర్పు వెలువడినది. దానిని వ్రాసిన న్యాయమూర్తి మన తెలుగువారైన శ్రీ బి.పి. జీవన్‌రెడ్డిగారు. కాలుష్యము చేసినవారే దాని ఖర్చు భరింపవలయునని ఆ తీర్పు స్పష్టపరచినది. తరువాత శుద్ధికగు ఖర్చు 37 కోట్ల 38 లక్షల రూపాయల పైచిలుకుగా నిర్ణయమైనది. యజమానులు చెల్లింపక వాయిదాలు వేయుచు వచ్చిరి. తుదకు 2011 జూలైలో, చక్రవడ్డీతో సహా చెల్లింపవలసినదని కోర్టు ఆదేశించినది. ఒక్క యేటి ఉత్పత్తికి ఇరువది రెండేండ్ల వ్యాజ్యము! నేలలోని విషము కోర్టు వాయిదాలకు కట్టుబడి ఆగియుండదు గదా. న్యాయము మన పక్షముననే యున్నను, మొదటి వానకు ముందే మేల్కొనుట మన చేతిలో నున్నది.

శుద్ధి యెట్లు జరుగునో కొంత తెలిసికొందము. మొదట ఆ చోటికి కంచె వేసి, హెచ్చరిక పలకలు కట్టవలయును. పిమ్మట నిపుణులు వేరువేరు లోతులలోని మట్టిని, చుట్టునున్న బావుల నీటిని పరీక్షింతురు. ఏ వ్యర్థము ఏ జాతిదో తేలిన తరువాత దేనికది వేరుచేసి, గట్టి పీపాలలో మూసివేయుదురు. ఒకదానితో నొకటి కలిసిన మంటలు లేచునవి, విషవాయువు పుట్టునవి కలవు. అనుమతి పొందిన వాహనములలో, ఏ వస్తువు ఎంత ఎచ్చటికి పోవుచున్నదో తెలుపు పత్రముతో వానిని పంపవలయును. కొన్నిటిని ప్రత్యేకమైన కొలుములలో కాల్చుదురు. కొన్నిటిని అడుగున బంకమట్టి పొరయు, ప్లాస్టిక్ పొరయు పరచిన గోతులలో పూడ్చుదురు. అటుపైని కొన్ని సంవత్సరములపాటు భూగర్భజలమును పరీక్షించుచుండవలయును.

ఇది నిపుణుల పని. పంచాయతీ పారిశుద్ధ్య కార్మికులను అట్టి తొట్లలోనికి, గుంటలలోనికి ఎన్నడును దింపరాదు. పాత పీపాలను వేలము వేసిన పంచాయతీకి నాలుగు రూపాయలు వచ్చునని కొందరు సలహా చెప్పుదురు. ఆ పీపా కొన్న ఇల్లాలు దానిలో నీరు నిలువచేయును. రైతు విత్తనములు పోసికొనును. ఆ నాలుగు రూపాయలు మనకు వలదు. మడ్డిని ఆరుబయట కాల్చుటయు, పాడుబావిలో పోయుటయు, రాత్రివేళ ట్యాంకరుతో పొరుగూరి వాగున వదలించుటయు అంతకంటె ఘోరము. పొరుగూరి వాగు మరొక ఊరికి తాగునీరు.

2025 జూలైలో కేంద్రప్రభుత్వము కలుషిత స్థలముల నిర్వహణకై ప్రత్యేక నియమావళిని ప్రకటించినది. తమంతట తాముగా గాని, ప్రజల ఫిర్యాదుపై గాని అనుమానాస్పద స్థలములను గుర్తించి తెలుపు పని అందు స్థానిక సంస్థలకును, జిల్లా యంత్రాంగమునకును అప్పగింపబడినది. ఆపైని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పరీక్షలు జరిపించవలయును. ఖర్చు బాధ్యులైనవారే భరింపవలయును. కనుక మీ గ్రామమున మూతపడిన ఫ్యాక్టరీ యున్నచో గ్రామసభలో తీర్మానము చేయుడు. స్థలము సర్వే నంబరు, ఫ్యాక్టరీ పేరు, మూతపడిన సంవత్సరము, పీపాల లెక్క, రంగు మారిన బావుల వివరము వ్రాసి, ఛాయాచిత్రములతో కలెక్టరుగారికిని, మండలికిని పంపి, రసీదు పదిలపరచుడు. యజమాని కనుమరుగు కాకముందే ఈ కాగితము పుట్టవలయును.

మరియొక మాట. 1984లో విషవాయువు వెలువడిన భోపాల్ ఫ్యాక్టరీనుండి 337 టన్నుల వ్యర్థములను 2025 జనవరిలో పీథంపూర్‌కు తరలించినప్పుడు అచ్చటి ప్రజలు భయాందోళనలతో వీధుల కెక్కిరి. ప్రజలకు విషయము తెలియజెప్పుటకై హైకోర్టు గడువిచ్చినది. తరువాత పది టన్నుల చొప్పున మూడుసార్లు ప్రయోగాత్మకముగా కాల్చి చూచి, ఆపై తక్కిన వ్యర్థముల దహనమును జూన్ నెలాఖరుకు ముగించిరి. సున్నము మున్నగునవి కలిపి కాల్చుటచే 800 టన్నులకు పైగా బూడిద మిగిలినది. దానిని భద్రపరచుట మరియొక పని. ముందుగా చెప్పి చేసిన పనికి ప్రజలు తోడ్పడుదురు. చాటుగా చేసిన మంచిపనిని సైతము శంకింతురు. మీ గ్రామమున శుద్ధి జరిగినప్పుడు పరీక్షల ఫలితములను తెలుగులో వ్రాయించి పంచాయతీ కార్యాలయము గోడకు అంటింపుడు.

రోడ్డు వేసినచో మన పేరు శిలాఫలకముపై నుండును. బావిలోని నీటిని కాపాడినందుకు ఏ ఫలకమును ఉండదు. అయినను రేపు బిడ్డలు త్రాగబోవునది ఆ నీటినే. మీ గ్రామము పొలిమేరలో అట్టి చోటున్నచో, ఈ వానకాలమునకు ముందే ఒకసారి పోయి చూచి రండని మా ప్రార్థన.