ఆరుగురితో మొదలైన కాలేజీ



షికాగో నగరానికి నైరుతి దిక్కున, 60 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, డెస్ ప్లెయిన్స్ నది ఒడ్డున జోలియెట్ అనే ఊరుంది. సున్నపురాయి గనులు, ఉక్కు కర్మాగారాలు, 1858లో తెరిచిన పెద్ద జైలు... నూరేళ్ల కిందట ఆ ఊరికి పేరు తెచ్చినవి ఇవే. అలాంటి ఊళ్లో గనిలోనో కొలిమి దగ్గరో చెమటోడ్చే తండ్రి తన కొడుకును దూరాన ఉన్న విశ్వవిద్యాలయానికి పంపాలంటే ఫీజు ఒక ఎత్తు, అక్కడ గదికీ తిండికీ అయ్యే ఖర్చు మరో ఎత్తు. కూతురి సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. ఆ ఊరి హైస్కూల్లోనే 1901లో ఆరుగురు విద్యార్థులతో డిగ్రీ మొదటి రెండేళ్ల చదువు మొదలుపెట్టారు. అదే జోలియెట్ జూనియర్ కాలేజీ. అమెరికాలో ఇప్పుడు నడుస్తున్న ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల్లోకెల్లా పాతది.

మన దగ్గర జూనియర్ కాలేజీ అంటే ఇంటర్మీడియట్ కదా. అక్కడ పన్నెండో తరగతి దాకా స్కూల్లోనే చదువుతారు. జూనియర్ కాలేజీ ఆ పైన రెండేళ్లు. ఇది గుర్తుంచుకుంటే మిగతా కథ తికమక పెట్టదు.

ఈ కాలేజీ వెనక ఇద్దరు పెద్దమనుషులున్నారు. ఒకరు విలియం రైనీ హార్పర్, షికాగో విశ్వవిద్యాలయానికి తొలి అధ్యక్షుడు. హీబ్రూ పండితుడు. జర్మనీ పద్ధతిలో విశ్వవిద్యాలయమంటే పరిశోధనే ప్రధానంగా ఉండాలని ఆయన పట్టు. మొదటి రెండేళ్ల పాఠాలు ఇంకెక్కడైనా చెప్పుకుంటే తన ఆచార్యులు పై చదువుల మీద దృష్టి పెట్టొచ్చు గదా అనుకున్నారు. రెండోవారు జె. స్టాన్లీ బ్రౌన్, జోలియెట్ హైస్కూలును నడిపినాయన. ఊళ్లో తెలివైన పిల్లలు హైస్కూలుతోనే ఆగిపోతున్నారన్నది ఆయన దిగులు. ఒకరు బరువు దించుకుందామనుకున్నారు, మరొకరు దాన్ని ఎత్తుకుందామనుకున్నారు. ఇద్దరి అవసరం కలిసింది, పని జరిగింది. గొప్ప సంస్థలన్నీ గొప్ప ఆదర్శంతోనే పుడతాయని మనం అనుకుంటాం గానీ, ఇది మాత్రం అలా పుట్టింది కాదు.

మరుసటి ఏడు, 1902లో, పాఠశాల బోర్డు ఈ పై తరగతులకు ఆమోదముద్ర వేసి, ఊరి పిల్లలకు ఫీజు లేకుండా చేసింది. జూనియర్ కాలేజీ అన్న పేరు 1916లో గానీ స్థిరపడలేదు. 1917లో గుర్తింపు కూడా వచ్చింది. ఆ పేరునూ గుర్తింపునూ హార్పర్ చూడలేదు. 49 ఏళ్ల వయసులో, 1906లోనే కన్నుమూశారు.

ఆ తరగతుల్లో కూర్చున్న ఒక విద్యార్థి గురించి చెప్పాలి. పేరు జాన్ హౌబోల్ట్. జోలియెట్‌లో పెరిగాడు, ఈ కాలేజీలో చదివి, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేశాడు. తర్వాత నాసాలో పనిచేశాడు. చంద్రుడి మీదికి మనిషిని పంపడమెలా అని అక్కడ పెద్ద చర్చ నడుస్తున్న రోజులవి. మొత్తం నౌకను చంద్రుడి మీద దించి మళ్లీ లేపాలంటే రాకెట్టు అసాధ్యమనిపించేంత పెద్దదవుతుంది. అలా కాదు, అసలు నౌకను చంద్రుడి చుట్టూ తిరుగుతూ ఉండనిచ్చి, చిన్న వాహనం ఒక్కటే కిందికి దిగి తిరిగి వచ్చి దాన్ని కలుసుకోవాలన్నది హౌబోల్ట్ వాదన. పైవాళ్లు చెవిన పెట్టలేదు. 1961 నవంబరులో తన పై అధికారులందరినీ దాటేసి, నాసాలో పై స్థాయిలో ఉన్న రాబర్ట్ సీమన్స్‌కు నేరుగా ఉత్తరం రాశాడు. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు అది ఎంత సాహసమో వేరే చెప్పాలా! 1962 జూలైలో నాసా ఆ పద్ధతినే ఎంచుకుంది. ఇవాళ కాలేజీ ప్రధాన ప్రాంగణం ఉన్నది హౌబోల్ట్ రోడ్డు మీదే.

ఇక దేశమంతా ఈ తరహా కాలేజీలు పెరగడానికి కారణం రెండో ప్రపంచ యుద్ధం. 1944 నాటి చట్టం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చదువు ఖర్చు భరించింది. అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం, ఇంటి దగ్గరే రెండేళ్ల కాలేజీ ఉండాలని 1947లో సిఫారసు చేసింది. కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు ప్రచారంలోకి వచ్చిందీ అప్పుడే. ఇల్లినాయ్ రాష్ట్రం 1965లో చట్టం చేయడంతో, 1967లో జోలియెట్ కాలేజీ హైస్కూలు నీడ నుంచి బయటపడి సొంత జిల్లాగా ఏర్పడింది. ఈ జిల్లా అంటే మన కలెక్టరు జిల్లా కాదు. ఆ ప్రాంతంలో ఇల్లూ స్థలమూ ఉన్నవాళ్లు కట్టే ఆస్తి పన్నులో కొంత కాలేజీకి చేరుతుంది, పాలకమండలిని ఓటర్లు ఎన్నుకుంటారు. అందుకే స్థానికులకు ఫీజు తక్కువ, బయటివాళ్లకు ఎక్కువ.

చదువులు ఏమున్నాయంటారా? ఒక వైపు సాహిత్యం, గణితం, రసాయనశాస్త్రం; రెండేళ్లు చదివి అసోసియేట్ డిగ్రీ తీసుకుని పెద్ద విశ్వవిద్యాలయంలో మూడో ఏట చేరిపోవచ్చు. మరో వైపు నర్సింగ్, వెల్డింగ్, కార్ల మరమ్మతు, పశువైద్య సహాయకుల శిక్షణ. వ్యవసాయ విద్యార్థులకు కాలేజీకి సొంత పొలం ఉంది, తోటల పెంపకం నేర్చుకునేవాళ్లకు గ్రీన్‌హౌసులున్నాయి. ఊరి నడిబొడ్డున ఉన్న ప్రాంగణంలో వంట నేర్పుతారు. బడి మధ్యలో మానేసినవాళ్లు హైస్కూలుకు సమానమైన పరీక్షకు తయారవుతారు, వలస వచ్చినవాళ్లు ఇంగ్లీషు నేర్చుకుంటారు. కాలేజీలో ప్రవేశానికి పోటీ పరీక్ష లేదు. నర్సింగ్ లాంటి కొన్నిటికి మాత్రం సీట్లు పరిమితం.

అన్నీ మెచ్చుకోళ్లే కాదు. బర్టన్ క్లార్క్ అనే సామాజిక శాస్త్రవేత్త 1960లోనే ఒక చురక వేశాడు. ఈ కాలేజీలు తలుపు తెరిచి పిలుస్తాయి, తర్వాత మెల్లగా, నొప్పి తెలియకుండా, పెద్ద డిగ్రీ ఆశను చల్లార్చి చిన్న కోర్సుకు మళ్లిస్తాయన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. విశ్వవిద్యాలయానికి వెళ్లాలనే ఇక్కడ చేరినవాళ్లలో చాలామంది అక్కడిదాకా చేరరు. ఉద్యోగం, సంసారం, పిల్లలు, వీటి మధ్య సాయంత్రం తరగతులు ఒకటి రెండు మానేస్తే చదువు జారిపోతుంది. అయితే ఈ తలుపే లేకపోతే వాళ్లలో ఎందరు అసలు కాలేజీ గడప తొక్కేవారన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.

షికాగో చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. కమ్యూనిటీ కాలేజీ అనగానే చిన్నచూపు చూసే తల్లిదండ్రులూ లేకపోలేదు. రెండేళ్ల ఫీజు, హాస్టలు ఖర్చు మిగులుతాయన్న లెక్క వేసుకున్నాక కొందరు మనసు మార్చుకుంటున్నారు. మీ బంధువుల పిల్లలెవరైనా ఆ దారిలో ఉంటే ఒక్క సంగతి చెప్పండి. ఇక్కడ చదివిన ప్రతి పాఠ్యాంశాన్నీ ప్రతి విశ్వవిద్యాలయమూ లెక్కలోకి తీసుకోదు. ముఖ్యంగా ఇంజనీరింగ్ వైపు వెళ్లేవాళ్లు, తాము చేరదలచిన చోట ఏవి చెల్లుతాయో మొదటి సెమిస్టరుకు ముందే కాలేజీ సలహాదారును కలిసి, రాతపూర్వకంగా తెలుసుకోవాలి.