ప్లస్సా, మైనస్సా అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

ఈ రోజు మాట్లాడుకునేది చిన్న పిల్లల లెక్కల గురించి. అందులోనూ అసలు తలనొప్పి, వర్డ్ ప్రాబ్లమ్స్.

మీలో చాలామందికి పిల్లలు లేరు, చాలామందికి పెళ్లే కాలేదు, నాకు తెలుసు. అయినా ఈ ఎపిసోడ్ మీ కోసమే. ఇంట్లో బీటెక్ చదివినవాళ్లు ఒక్కరుంటే చాలు, తమ్ముడు, చెల్లి, అక్క కొడుకు, పక్క ఫ్లాట్ పాప, అందరూ నోట్‌బుక్ పట్టుకుని వాళ్ల దగ్గరికే వస్తారు. మూసారాంబాగ్‌లో మా బిల్డింగ్‌లో అయితే ఆదివారం పొద్దున నలుగురైదుగురు పిల్లలు నా దగ్గర కూర్చుంటారు. మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఉంటారు. ఎక్కాలు గడగడా చెప్తారు, భాగహారం నీట్‌గా చేస్తారు. కానీ అదే లెక్క నాలుగు లైన్ల కథలాగా వస్తే పెన్సిల్ ఆగిపోతుంది. ఆగిపోయాక ప్రతి ఒక్కరూ అడిగేది ఒకే ప్రశ్న: "అన్నా, ఇది ప్లస్సా, మైనస్సా?"

ఈ ఎపిసోడ్ మొత్తంలో నేను చెప్పేది ఒక్కటే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకండి. "ప్లస్ రా" అని మీరు చెప్పేశారంటే లెక్కలో కష్టమైన భాగం మీరు చేసేసినట్టే. పిల్లాడికి మిగిలింది కూడిక, అది వాడికి ముందే వచ్చు. మరి ఏం చేయాలి? అదే చూద్దాం.

ముందు పిల్లల బుర్రలో ఏం జరుగుతుందో అర్థం చేసుకుందాం. ఫ్రాన్స్‌లో 1980 ప్రాంతంలో కొందరు పరిశోధకులు చిన్న పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? నవ్వొస్తుంది కదా? కానీ చాలామంది పిల్లలు నవ్వలేదు. 26, 10 కూడేసి 36 అని రాశారు. 2018లో చైనాలో ఒక జిల్లా ఐదో తరగతి పరీక్షలో ఇదే లెక్క వచ్చి ఇంటర్నెట్ అంతా గోల గోల అయింది.

ఆ పిల్లలు తెలివితక్కువ వాళ్లు కాదు. పుస్తకంలో లెక్క ఉంటే దానికి జవాబు ఉంటుంది, ఆ జవాబు కనిపించే అంకెలతోనే వస్తుంది అని బడి వాళ్లకు నేర్పింది. అందుకే కథ వదిలేసి అంకెలు ఏరుకుంటారు. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, రిక్వైర్‌మెంట్ చదవకుండా కోడ్ రాయడం. కోడ్ రన్ అవుతుంది, కానీ క్లయింట్ అడిగింది అది కాదు.

దీనికి తోడు ట్యూషన్లలో ఒక షార్ట్‌కట్ చెప్తారు. "మొత్తం" అని ఉంటే కూడిక, "మిగిలింది" అని ఉంటే తీసివేత, "ఎక్కువ" అని ఉంటే కూడిక. వినడానికి బాగుంటుంది. ఇప్పుడు ఈ లెక్క చూడండి.

రవి దగ్గర 12 పెన్సిళ్లు ఉన్నాయి. సీత దగ్గర ఉన్నవాటికంటే అవి 4 ఎక్కువ. ఇద్దరి దగ్గరా కలిపి ఎన్ని?

షార్ట్‌కట్ ప్రకారం వెళ్తే "ఎక్కువ" అని ఉంది కాబట్టి 12, 4 కూడాలి, సీతకు 16. మొత్తం 28. తప్పు. కథ చదివితే ఎక్కువ ఉన్నది రవికి. అంటే సీతకు 8, మొత్తం 20. "ఎక్కువ" అనే మాట ఉన్నా చేయాల్సింది తీసివేత. రెండో తరగతిలో ఈ షార్ట్‌కట్ పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ లెక్కలు ఒక్క మెట్టువే. నాలుగో తరగతికి వచ్చేసరికి అదే గొయ్యి తవ్వుతుంది. ఇక "నాకు లెక్కలు రావు" అని పిల్లలు వాళ్లకు వాళ్లే ముద్ర వేసుకుంటారు. పదేళ్ల వయసులో వేసుకున్న ఆ ముద్ర ఇంటర్‌లో గ్రూపు ఎంచుకునే దాకా వెంట వస్తుంది. అందుకే దీన్ని చిన్న విషయం అని నేను అనుకోను.

నిజానికి ఈ పిల్లలకు లెక్క వచ్చు. 2025లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్లతో పాటు మరికొందరు చేశారు. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే 1400 మందికి పైగా పిల్లలను చూశారు. కిలో ఇంత అయితే 800 గ్రాములు ఎంత, ఇది అది కలిపి ఎంత, నోటు ఇస్తే చిల్లర ఎంత, అన్నీ నోటితోనే చెప్పేశారు. అదే స్థాయి లెక్క బడి పుస్తకంలో ఉన్నట్టు కాగితం మీద ఇస్తే ఎక్కువ మంది చేయలేకపోయారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలది రివర్స్. కాగితం మీద వాళ్లే నయం, మార్కెట్ లెక్క దగ్గరికొస్తే తడబాటు. అంటే ఈ రెండు లెక్కల మధ్య వంతెన లేదు. ఆ వంతెన వేయాల్సింది మనం.

మన దగ్గర ఇంకో గోడ కూడా ఉంది, అది భాష. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీష్ మీడియం మొదలైంది. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీష్ ఉండేలా పుస్తకాలు ఇచ్చారు. మంచి పని. ప్రైవేట్ బడిలో ఆ తెలుగు పేజీ కూడా ఉండదు. "హౌ మెనీ మోర్", "ఈచ్", "లెఫ్ట్" లాంటి మాటల దగ్గరే పిల్లలు ఆగిపోతారు. "లెఫ్ట్" అంటే ఎడమ పక్కనా, మిగిలిందా, వెళ్లిపోయారా? అక్కడ ఆగింది లెక్క రాక కాదు, వాక్యం అర్థం కాక.

సరే, ఇప్పుడు చేయాల్సిన పనులు. నాలుగే.

ఒకటి, అంకెలు మూసేయండి. నిజంగానే, వేలుతోనో రబ్బరుతోనో. "రవి దగ్గర కొన్ని పెన్సిళ్లు ఉన్నాయి. సీత దగ్గర అంతకంటే తక్కువ ఉన్నాయి. ఇద్దరివీ కలిపి అడుగుతున్నారు." ఇలా అంకెలు లేకుండా కథను పిల్లలతో ఇంటి భాషలో చెప్పించండి. ఉర్దూ మాట్లాడే ఇల్లయితే ఉర్దూలో చెప్పనివ్వండి. కథ చెప్పలేకపోతున్నారంటే పెన్సిల్ పట్టుకునే టైమ్ ఇంకా రాలేదు. మళ్లీ చదివించండి.

రెండు, బొమ్మ గీయించండి. అందమైన బొమ్మ కాదు, డబ్బాలు చాలు. అమ్మ వయసు కొడుకు వయసుకు 4 రెట్లు, ఇద్దరిదీ కలిపితే 40. మనం వెంటనే ఎక్స్ అంటాం. నాలుగో తరగతి పిల్లలకు ఎక్స్ ఎందుకు? కొడుక్కి ఒక డబ్బా, అమ్మకు అలాంటివే నాలుగు డబ్బాలు. మొత్తం అయిదు డబ్బాలు 40. ఒక డబ్బా 8. కొడుక్కి 8, అమ్మకు 32. అయిపోయింది. సింగపూర్ బడుల్లో 1980ల నుంచి ఈ డబ్బాల పద్ధతి పాఠాల్లో భాగంగానే ఉంది. దీనికి ఏ యాప్ అక్కర్లేదు, పాత పేపర్ వెనక వైపు చాలు.

మూడు, చేసే ముందు అంచనా అడగండి. "సీత దగ్గర 12 కంటే ఎక్కువ ఉంటాయా, తక్కువ ఉంటాయా?" ఇంతే. తక్కువ అని ముందే చెప్పినవాళ్లు 16 రాసినప్పుడు వాళ్లే ఉలిక్కిపడతారు. మీరు తప్పు అని చెప్పాల్సిన పని ఉండదు.

నాలుగు, జవాబును తిరిగి కథలో పెట్టి చూడమనండి. ఇక్కడ నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. 38ని 4తో భాగించాలి. 9 వస్తుంది, 2 మిగులుతుంది. ఇప్పుడు మూడు కథలు వినండి. 38 మంది పిల్లలు జూ పార్కుకు వెళ్లాలి, ఆటోకి నలుగురు, ఎన్ని ఆటోలు? 10. ఎందుకంటే మిగిలిన ఇద్దరిని రోడ్డు మీద వదిలేయలేం కదా. 38 రూపాయలున్నాయి, చాక్లెట్ 4 రూపాయలు, ఎన్ని వస్తాయి? 9. 38 రూపాయలు నలుగురు సమానంగా పంచుకుంటే ఒక్కొక్కరికి ఎంత? తొమ్మిదిన్నర. భాగహారం ఒకటే, జవాబులు మూడు. ఏది కరెక్టో చెప్పేది కథ ఒక్కటే.

అమెరికాలో 1983లో జాతీయ స్థాయి పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు ఇలాంటిదే ఇచ్చారు. 1128 మంది సైనికులు, బస్సుకు 36 మంది, ఎన్ని బస్సులు? భాగహారం చాలామంది కరెక్టుగానే చేశారు. కానీ 29 శాతం మంది "31, శేషం 12" అని రాశారు. శేషం పన్నెండు బస్సులు ఎక్కడ దొరుకుతాయి? 32 అని కరెక్టుగా రాసింది నాలుగో వంతు కూడా లేరు. అంటే ఇది మన పిల్లల జబ్బు మాత్రమే కాదు.

కథ మన ఊరిది అయితే ఇంకా తేలిక. ఇది కొత్త ఐడియా ఏం కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన మక్కికి మక్కి దించలేదు. జైన సంప్రదాయానికి చెందిన ఉదాహరణలు తీసేసి, తన వాళ్లకు దగ్గరగా ఉండే శైవ ఉదాహరణలు పెట్టాడని సాహిత్య చరిత్రకారులు చెప్తారు. వినేవాడి లోకంలోంచి లెక్క పుట్టాలి అని దాదాపు వెయ్యేళ్ల కిందటే మనవాళ్లకు తెలుసు.

మనమూ ఒకటి చేద్దాం. ఒక మెట్రో పెట్టె మలక్‌పేటలో బయల్దేరింది. న్యూ మార్కెట్‌లో 8 మంది ఎక్కారు, ఎవరూ దిగలేదు. మూసారాంబాగ్‌లో ఉన్నవాళ్లలో సగం మంది దిగారు. దిల్‌సుఖ్‌నగర్‌లో 5 మంది దిగారు. ఈ రెండు చోట్లా ఎవరూ ఎక్కలేదు. ఇంకా 15 మంది ఉన్నారు. మలక్‌పేటలో బయల్దేరినప్పుడు ఎంతమంది?

వీడియో రివైండ్ చేసినట్టు రైలును వెనక్కి నడపమనండి. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగిన 5 మంది మళ్లీ ఎక్కుతారు, 20. మూసారాంబాగ్‌లో దిగిన సగం మళ్లీ ఎక్కుతారు, 40. న్యూ మార్కెట్‌లో ఎక్కిన 8 మంది దిగిపోతారు, 32. ఇప్పుడు ముందుకు నడిపి చెక్ చేయమనండి. 32, 40, 20, 15. సరిపోయింది. రోజూ చూసే స్టేషన్లు కాబట్టి పిల్లలు బల్ల మీద రబ్బరును రైలులాగా జరుపుతూ చేసేస్తారు. పాఠ్యపుస్తకంలో జాన్, మేరీ యాపిల్స్ పంచుకుంటుంటే, మీరు దాన్ని సమోసాలు చేసేయండి. అంకెలు మాత్రం మార్చొద్దు.

ఇక ఫోన్ సంగతి. ఫొటో తీస్తే స్టెప్పులతో సహా జవాబిచ్చే యాప్‌లు ఇప్పుడు అందరి దగ్గరా ఉన్నాయి. నేను వద్దనడం లేదు. కానీ ఫొటో తీసే వరస మార్చండి. ముందు కథ చెప్పాలి, డబ్బాలు గీయాలి, జవాబు రాయాలి. ఆ తర్వాతే సరిచూసుకోడానికి ఫోన్. లేదంటే ఫోన్‌తో వేరే పని చేయించండి. పిల్లలు లెక్కను వాళ్ల మాటల్లో చెప్తుంటే వాయిస్ రికార్డ్ చేసి మళ్లీ వినిపించండి. ఎక్కడ తికమక పడ్డారో చాలాసార్లు వాళ్లే పట్టుకుంటారు. రోజుకు ఇరవై లెక్కలు చేయించక్కర్లేదు, రెండు చాలు. ఒక్కోదానికి పది నిమిషాలు పట్టినా పర్లేదు. మధ్యలో మౌనంగా ఉంటే ఉండనివ్వండి, ఆలోచిస్తున్నారు.

చివరగా ఇంటికి తీసుకెళ్లడానికి ఒక పాత లెక్క. మన అమ్మమ్మలు తాతయ్యలు అడిగేదే. కొన్ని పువ్వులు, కొన్ని తుమ్మెదలు. పువ్వుకు ఒక్కో తుమ్మెద వాలితే ఒక తుమ్మెదకు చోటు లేదు. పువ్వుకు రెండేసి వాలితే ఒక పువ్వు ఖాళీ. పువ్వులెన్ని, తుమ్మెదలెన్ని? మీరు ఎక్స్, వై వాడకండి. మీ ఇంట్లో చిన్నవాళ్ల ముందు కాగితం, పెన్సిల్ పెట్టి, బొమ్మ గీయమని చెప్పి పక్కన కూర్చోండి. జవాబు కాదు, ఆ బొమ్మ ఫొటో పంపించండి. బాగున్నవి వచ్చే ఎపిసోడ్‌లో అందరికీ చూపిస్తా. ఉంటాను మరి, బై.