బీడీ మీద పడే చట్టం మ్యాన్‌హోల్లోకి ఎందుకు దిగదు?

(అంబేడ్కర్ జయంతి నాడు ఒక దళితవాడలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను రాజ్యాంగం మీద మాట్లాడమన్నారు. మాట్లాడతాను గానీ బీడీ దగ్గర మొదలుపెడతాను. నవ్వకండి. పొద్దున నేనిటు వస్తుంటే మన పల్లె కుర్రాడొకడు దారిలో కలిసి తన గోడు చెప్పుకున్నాడు. లారీకి మూటలెత్తే పని వాడిది. బస్టాండు ఎదురుగా రోడ్డుకి ఇవతల వేపచెట్టు కింద నిలబడి బీడీ ముట్టించాడంట. ఒకాయన వచ్చి, "బహిరంగ ప్రదేశంలో పొగ తాగుతున్నావు, తియ్యరా రెండొందలు" అన్నాడు. తీశాడు. రసీదు లేదు. "ఏ పల్లెరా మీది?" అని మాత్రం అడిగాడు. అదే చెట్టు కింద ఇస్త్రీ బట్టలేసుకున్న ఇద్దరు సిగరెట్లు కాలుస్తున్నారు. వాళ్లనెవరూ ఏ ఊరని అడగలేదు.

ఆ తమ్ముడు నన్నొక మాట అడిగాడు. "అన్నా, నా డబ్బు, నా బీడీ, పోతే నా ఊపిరితిత్తులు పోతాయి. మధ్యన గవర్నమెంటుకేంది నొప్పి?" అని.

తీసిపారేసే ప్రశ్న కాదిది. ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. పొగాకు ఉత్పత్తుల చట్టం 2003లో వచ్చింది. దాని కింద రాసిన నిబంధనలు 2008 అక్టోబరు 2 నుంచి అమలయ్యాయి. ఆస్పత్రి, బడి, బస్సు, సినిమా హాలు, ఆఫీసు, రైల్వే స్టేషను, బస్టాపు లాంటి చోట్ల తాగితే రెండొందల దాకా జరిమానా. పేరుకి "బహిరంగ ప్రదేశం" అంటారు గానీ, ఆరుబయలు జాగా దాని కిందికి రాదని ఆ చట్టంలోనే రాసుంది. అంటే రోడ్డుకి ఇవతల వేపచెట్టు కింద తీసుకున్న ఆ రెండొందలు ఏ లెక్కలోకి పోయాయి? ఇంకో ముక్క కూడా ఉంది అందులో. ముప్పై గదులున్న హోటలు, ముప్పై మంది కూర్చునే రెస్టారెంటు, విమానాశ్రయం - ఇక్కడ మాత్రం పొగరాయుళ్లకు వేరే గది కట్టుకోవచ్చు. మూటలెత్తేవాడికి గదెవడు కడతాడు?

అట్లాగని పొగ తాగండని నేను చెప్పటంలా. మా నాయన చుట్ట తాగి తాగి ఆ దగ్గుతోనే పోయాడు. బస్సులో పసిబిడ్డనెత్తుకున్న తల్లి మొహాన పొగ ఊదే హక్కు ఏ మొగోడికీ లేదు. నీ ఊపిరి నీదైతే ఆమె ఊపిరి ఆమెది. అంతవరకు ఆ చట్టం న్యాయమే.

అయితే వ్యక్తి స్వేచ్ఛ మాటేంది? ఈ మధ్య పట్నంలో చదువుకున్న పెద్దమనుషులు ఈ మాట బాగా వాడుతున్నారు. హెల్మెట్ పెట్టుకోమంటే నా తల నా ఇష్టం అంటారు, సిగరెట్ మానమంటే ప్రభుత్వం ఇంట్లోకి జొరబడిందంటారు. మంచిదే. కానీ మనల్నడిగితే మన ఇంట్లోకి ప్రభుత్వం కంటే ముందే ఊరు జొరబడింది. దొర ఎదురుపడితే చుట్ట ఆర్పెయ్యాలి. చెప్పులు చేతబట్టుకోవాలి. సైకిలు దిగి నడిపించుకుంటూ పోవాలి. పంచె మోకాలు దాటి దిగగూడదు. హోటల్లో మన గ్లాసు వేరు. ఇవి ఏ అసెంబ్లీ చేసిన చట్టాలు? ఏ గెజిట్‌లో అచ్చయ్యాయి? గవర్నమెంటు వేలు పెట్టని చోట మన తాతలు స్వేచ్ఛగా బతికారా? అక్కడున్నది దొర స్వేచ్ఛ. 1947లో బాబాసాహెబ్ రాజ్యాంగసభకు "స్టేట్స్ అండ్ మైనారిటీస్" అని ఒక పత్రం రాసిచ్చాడు. రాజ్యం పక్కకు తప్పుకుంటే మిగిలే స్వేచ్ఛ ఎవరికని అందులో నిలదీశాడు. కౌలు పెంచే భూస్వామికి, పనిగంటలు పెంచే యజమానికి అని ఆయనే తేల్చాడు.

ఇక్కడ కూర్చున్న అక్కలకు నేను చెప్పక్కర్లా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించింది రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు. "నా కూలి, నా సారా, నా ఇష్టం" అన్న మొగుళ్లు అప్పుడూ ఉన్నారు. ఆ ఇష్టం కింద పిల్లల కూడు, ఆడదాని ఒళ్లు నలిగిపోతున్నాయని వాళ్లు తేల్చారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించారు. 1995లో పూర్తి మద్యనిషేధం తెచ్చి 1997లో ఎత్తేశారు. సారా పాటలు పెట్టి డబ్బు దండుకున్నదీ సర్కారే. అందుకని చట్టం కావాలని కొట్లాడినప్పుడు కూడా మనం సర్కారుని నమ్మి కొట్లాడలేదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. ఈ ఇష్టం అనే మాటను మన మీదికే ఎట్లా తిప్పుతారో చూడండి. పట్నంలో సెప్టిక్ ట్యాంకులోకి మనవాడు దిగుతాడు. లోపల విషవాయువు. ఒకడు పడిపోతాడు, వాణ్ణి లాగబోయి రెండోవాడు పడిపోతాడు. కాంట్రాక్టరు ఏమంటాడు? "ఎవడు బలవంతం చేశాడు? ఇష్టపడే దిగాడు, కూలి మాట్లాడుకునే దిగాడు." బీడీ ముట్టించే ఇష్టానికి జరిమానా ఉంది గానీ చావులోకి దిగే ఇష్టానికి అడ్డు లేదన్నమాట!

అడ్డు ఉంది. 1993లో ఒక చట్టం, చాలక 2013లో ఇంకో చట్టం వచ్చాయి. రక్షణ సామాను లేకుండా మురుగు కాలవలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపితే దింపినవాడిది నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. దిగినవాడు ఒప్పుకున్నాడంటే చెల్లదు. మన బెజవాడ విల్సన్ అన్న, సఫాయి కర్మచారీ ఆందోళన్ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగితే 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ పది లక్షలివ్వాలని. 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, రాసుకోండి. వేపచెట్టు కింద బీడీ వాసన పసిగట్టిన అధికారానికి మ్యాన్‌హోలు వాసన ఎందుకు తగలదు? అందులో దిగేది ఏ కులమో దానికి తెలుసు కాబట్టి.

పొగాకునే తీసుకోండి. 1976 నుంచి గుంటూరులో పొగాకు బోర్డు ఉంది, పంట పెంచి ఎగుమతి చేయించటానికి. ఎల్.ఐ.సి. లాంటి ప్రభుత్వ సంస్థలకు సిగరెట్ కంపెనీలో వాటాలున్నాయి. 2016 ఏప్రిల్ నుంచి పెట్టె మీద 85 శాతం జాగాలో పుండ్ల బొమ్మ వేసి తాగేవాణ్ణి హెచ్చరిస్తున్నారు. మరి తెల్లారుజామున మంచుతో తడిసిన పచ్చాకు కోసి, కర్రలకు అల్లి, బ్యారన్‌లోకి మోసే మన ఆడకూలీలనెవరు హెచ్చరించారు? తడాకు పట్టుకుంటే నికోటిన్ చర్మంలోంచే ఒంట్లోకి దిగుతుంది. తల తిరుగుతుంది, వాంతులవుతాయి. పైత్యం అనుకుని నిమ్మకాయ నీళ్లు తాగి మళ్లీ పనికి పోతారు. చేతికి తొడుగు ఇవ్వమని రైతునీ, కంపెనీనీ అడిగిన అధికారి ఒక్కడు కనిపిస్తే నాకు చూపించండి.

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకు నా జవాబిది. బస్టాపులో తాగితే జరిమానా కట్టు, రసీదు తీసుకో. రసీదు ఇవ్వనివాడికి పైసా ఇవ్వద్దు. చెట్టు కింద అడిగితే ఏ సెక్షనో రాసిమ్మను. నీ పల్లె పేరు అడిగితే, అది ఏ ఫారంలో రాయాలో చూపించమను. ఒక్కడివే అడిగితే కొడతారు, నాకు తెలుసు. అందుకే పదిమందితో పో. ఇక పట్నం పనికి పోయే పిల్లల్లో ఎవరన్నా ట్యాంకులోకి దిగాల్సొస్తే ముందు మన సంఘానికి కబురు చెయ్యండి. మిషను పిలిపించమని మనం పోయి అడుగుదాం.

సభ అయ్యాక ఆ తమ్ముడి రెండొందల మీద అర్జీ రాద్దాం. చేతిరాత బాగున్నోళ్లు ఇద్దరు ఆగండి. ఆకు పనికి పోయే అక్కలు కూడా ఆగండి, తొడుగుల సంగతి వేరే కాయితం మీద రాయాలి.