చెఱసాలలో ముష్టియుద్ధము

1921లో పోతిన శ్రీనివాసరావుగారు మారుతీ సినిమాను నెలకొల్పిన ఈ బెజవాడలో, గాంధీనగరపు పంపిణీ కార్యాలయముల నడుమ ఆయుష్యము గడపి, ఏ చిత్రమునకు ఏ ఊరి జనము కదలునో ఎఱిగిన పెద్దమనిషి స్మృత్యర్థము కూడిన నేటి సభలో, చెఱసాల గోడల వెనుక ముష్టియుద్ధమును ఇతివృత్తముగా గైకొన్న చిత్రముల చరిత్రమును విన్నవింప బూనితిని.

ఈ కథలు కేవల కల్పితములు కావు. దోపిడీ నేరమునకు మిసోరీ రాష్ట్ర కారాగారము చేరిన సోనీ లిస్టన్, అచటి క్రైస్తవ గురువుల ప్రోత్సాహమున గ్లౌవ్సు తొడిగి, 1962 నాటికి ప్రపంచ హెవీవెయిట్ విజేత యయ్యెను. జేమ్స్ స్కాట్ అను ఖైదీ ముష్టియోధుడు న్యూజెర్సీలోని రాహ్వే జైలు దాటి రాజాలడు గనుక, 1978లో ఎడ్డీ గ్రెగరీ వంటి మేటియే లోపలికి పోయి, టెలివిజను సాక్షిగా అతనిచేత ఓడెను.

ఆ మరుసటి యేడు జమా ఫనాకా, లాస్ ఏంజలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నుండగనే, 'పెనిటెన్షియరీ' తీసెను. అందలి ఖైదీకి పోటీ గెలుపు విడుదలకు దారి. అంతకంటె కథ లేదు, అక్కరయు లేదు. 1982, 1987 సంవత్సరములలో వచ్చిన తరువాయి భాగములను విడిచిపెట్టుదము.

2002లో వాల్టర్ హిల్ తీసిన 'అన్‌డిస్ప్యూటెడ్'తో మొదలైన పరంపర విచిత్రమైనది. అందు జైలు వీరునిచేత ఓడిన ప్రపంచ విజేత చేంబర్స్, 2006లో రష్యా చెఱసాలలో నాయకుడై కనిపించును. అచట అతడు మోకాలు విఱిచిన దుర్మార్గుడు బోయ్కా, 2010లో కుంటికాలితో తానే నాయకుడగును. ముష్టియుద్ధము మెల్లగా కాలితన్నులకు చోటిచ్చినది నిజమే గాని, ఓడినవానికి తరువాతి కథను అప్పగించు ఈ న్యాయము నాకు మిక్కిలి నచ్చినది.

మన తెలుగువారికి జైలు చిత్రములకు కొదువ లేదు. 1962 నాటి 'ఖైదీ కన్నయ్య' మొదలు 1983 నాటి 'ఖైదీ' వరకు తలచుకొనుడు. బరిని చూపిన చిత్రములును ఉన్నవి: 'తమ్ముడు', 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి', విశాఖపట్టణపు కథయైన 'గురు'. ఈ రెండు పాయలు ఏల కలియలేదు? స్వాతంత్ర్యోద్యమ కాలమున రాజమహేంద్రవరపు కారాగారము సత్పురుషులకు నివాసమైనందుననో యేమో, మన ఖైదీ తఱచుగా నిరపరాధియే. వాని శత్రువు ఊరి పెత్తందారు, గోడకు వెలుపల నున్నాడు. అట్టివాడు తోటి ఖైదీని కొట్టి గెలిచినచో, రెండవ ఆటకు గుడివాడనుండి బండి కట్టుకొని వచ్చిన రైతుకు దక్కునదేమి? బోయ్కా యట్లు గాదు. 2016 నాటి నాలుగవ చిత్రమున స్వేచ్ఛగా నున్న యతడు, బరిలో తనచేత ప్రాణము విడిచిన వాని భార్యను వెదకికొనుచు రష్యాకు మరలి, కడకు మరల చెఱసాలకే చేరును.