గ్రహాల పేర్లు: రంగు, నడక, పురాణం

పరికరం సాయం లేకుండా కంటికి తేటగా కనిపించే గ్రహాలు ఐదు: బుధుడు, శుక్రుడు, అంగారకుడు, బృహస్పతి, శని. నక్షత్రాలు తమ మధ్య ఎడం మారకుండా కదులుతుంటే, ఈ ఐదు వాటి నడుమ చోటు మారుస్తూ తిరుగుతాయి. తమంత తాము కదిలేవి కాబట్టి వీటిని దేవతలుగా తలచారు. బాబిలోనియన్లు తమ దేవతల పేర్లు పెట్టారు. గ్రీకులు, వారి తరువాత రోమన్లు, అదే పద్ధతిలో తమ దేవతల పేర్లు పెట్టుకున్నారు.

కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతపు నల్లరేగడి పల్లెల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఈ గ్రహాల పేర్లు వారాల పేర్లుగా రెండు భాషల్లో తెలుసు. తెలుగులో మంగళవారం, తమిళంలో సెవ్వాయ్. తెలుగులో శుక్రవారం, తమిళంలో వెళ్ళి. తమిళంలో సెవ్వాయ్ ఎరుపును, వెళ్ళి తెలుపును చెబుతాయి. సంస్కృతం నుంచి వచ్చిన పేర్లలోనూ ఇదే కనిపిస్తుంది. ముందు కన్ను రంగునో నడకనో గుర్తుపట్టింది; పురాణం దాని మీద కథ అల్లింది.

అంగారం అంటే నిప్పుకణిక. అంగారకుడి ఎరుపు అక్కడి నేలలోని ఇనుప తుప్పుది. ఆ రంగులో నెత్తురును చూసిన బాబిలోనియన్లు యుద్ధాన్నీ తెగుళ్ళనూ తెచ్చే నెర్గల్ పేరు పెట్టారు. గ్రీకుల అరేస్, రోమన్ల మార్స్ కూడా యుద్ధదేవతలే. భారతీయ పురాణాలు ఈ గ్రహాన్ని భూదేవి కొడుకును చేశాయి. కుజుడు, భౌముడు అన్న పేర్లు అలా వచ్చాయి. 1877లో ఆసఫ్ హాల్ కనుగొన్న దాని రెండు ఉపగ్రహాలకు అరేస్ కొడుకులైన ఫోబోస్, డీమోస్ పేర్లు పెట్టారు.

సూర్యచంద్రుల తరువాత ఆకాశంలో అన్నిటికంటె ప్రకాశించేది శుక్రుడు. తెల్లవారుజామున తూర్పున కనిపిస్తే తెలుగు రైతుకు అది వేగుచుక్క. ప్రాచీన తమిళ కావ్యం పట్టినప్పాలై ఈ తెల్లని చుక్క దక్షిణానికి తిరగడాన్ని అనావృష్టి సూచనగా చెబుతుంది. బాబిలోనియాలో ఇష్తార్, గ్రీసులో అఫ్రొడైటీ, రోములో వీనస్ అంటూ దీన్ని ప్రేమదేవతగా కొలిచారు. భారతదేశంలో మాత్రం మృతసంజీవని తెలిసిన శుక్రాచార్యుడయింది. ఐదింటిలో సాధారణంగా ఎక్కువ వెలుగునిచ్చేవి శుక్రుడు, బృహస్పతి. ఒకరు అసురులకు, మరొకరు దేవతలకు గురువులు కావడం ఇక్కడి కల్పనలోని అందం.

మిగిలిన మూడింటి కథలలో నడకకు పెద్ద పాత్ర ఉంది. బృహస్పతి సుమారు 12 ఏళ్ళలో సూర్యుణ్ణి చుట్టివస్తుంది. ఏడాదికి ఒక రాశి దాటుతుంది. నదుల పుష్కరాలకు ఈ లెక్కే ఆధారం. 2018 అక్టోబరులో గురుడు వృశ్చికంలో ప్రవేశించినప్పుడు తామ్రపర్ణికి పుష్కరాలు జరిగాయి. శనికి ఒక చుట్టుకు దాదాపు 29½ ఏళ్ళు పడుతుంది. శనైశ్చరుడంటేనే మెల్లగా నడిచేవాడు. పురాణం అతణ్ణి కుంటివాడిగా చెప్పింది. మూడు రాశులు దాటే ఏడున్నరేళ్ళే తెలుగువారి ఏలినాటి శని, తమిళుల ఏళరై శని.

బుధుడు 88 రోజులకే చుట్టు పూర్తిచేస్తాడు. ఆ వేగం వల్ల రోమన్లకు దేవతల వార్తాహరుడు మెర్క్యురీ అయ్యాడు. ఇక్కడి పురాణంలో అతడు చంద్రుడికీ, బృహస్పతి భార్య తారకూ పుట్టిన కొడుకు. ఈ కథను శేషము వేంకటపతి తారాశశాంకవిజయం అనే తెలుగు ప్రబంధంగా రాశాడు. అది మదురై నాయకుల రాజ్యంలో పుట్టిన కావ్యం. కోవిల్‌పట్టి, విరుదునగర్ పరిసరాల పాళయాలూ ఆ రాజ్యంలోనివే.

సూర్యచంద్రులు, ఈ ఐదింటితో కలిపి నవగ్రహాలుగా లెక్కించే రాహుకేతువులు గోళాలు కావు. ఆకాశంలో చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు బిందువులు. గ్రహణాలు ఆ బిందువుల దగ్గరే పడతాయి. అమృతం తాగిన అసురుడి తల తెగిన కథ ఈ లెక్కకు రూపం ఇచ్చింది.

ఈ తొమ్మిదింటికీ కోవిల్‌పట్టి ఉన్న తూత్తుక్కుడి జిల్లాలో, తామ్రపర్ణి తీరాన, నవతిరుపతులనే విష్ణ్వాలయాలు ఉన్నాయి. శ్రీవైకుంఠం సూర్యుడికి, తిరుక్కోళూరు అంగారకుడికి, ఆళ్వార్ తిరునగరి గురువుకు, తెన్‌తిరుప్పేరై శుక్రుడికి, ఇరట్టై తిరుపతి రాహుకేతువులకు చెందినవి. అదే నది వెంట పాపనాశంతో మొదలయ్యే నవకైలాసాలు శివక్షేత్రాలు.

వారాల వరుస కూడా గ్రహాల నడక నుంచే వచ్చింది. మెల్లగా నడిచేదాని నుంచి మొదలుపెడితే శని, గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. ఒక్కో హోరకు (గంటకు) ఒక్కొక్కరిని అధిపతిగా లెక్కిస్తే రోజులోని 24 హోరలలో మూడు చుట్లు పూర్తయి మూడు మిగులుతాయి. మొదటి హోర శనిదైతే మర్నాటి మొదటి హోర సూర్యుడిది, ఆ తరువాత చంద్రుడిది. మొదటి హోర అధిపతి పేరే ఆ రోజుకు పెట్టారు. బృహస్పతివారం తెలుగు పల్లెల్లో బేస్తవారమయింది.

దూరదర్శిని వచ్చాక దొరికిన గ్రహాలకు రంగూ నడకా చూసి పేరు పెట్టలేదు. వంశం చూసి పెట్టారు. 1781 మార్చి 13న విలియం హెర్షెల్ కనుగొన్న గ్రహానికి ఆయన ఇంగ్లండు రాజు జార్జి పేరు కోరాడు. జర్మన్ శాస్త్రవేత్త బోడె సూచించిన యురేనస్ నిలిచింది. గ్రీకు, రోమన్ కథల్లో జ్యూపిటర్‌కు (బృహస్పతి గ్రహం) తండ్రి శాటర్న్ (శని గ్రహం), శాటర్న్‌కు తండ్రి యురేనస్. 1846లో లెవెరియర్ లెక్క ప్రకారం దొరికిన నెప్ట్యూన్‌కు రోమన్ సముద్రదేవత పేరు వచ్చింది. 1930లో దొరికిన ప్లూటోకు పాతాళదేవత పేరును సూచించింది ఆక్స్‌ఫర్డుకు చెందిన 11 ఏళ్ళ వెనీషియా బర్నీ. 2006లో దాన్ని మరుగుజ్జు గ్రహాల్లో చేర్చారు.

నెప్ట్యూన్‌కు ఆవల రెండు గ్రహాలుంటాయని 1911లో లెక్కగట్టిన వెంకటేశ్ బాపూజీ కేత్కర్ వాటికి బ్రహ్మ, విష్ణు అని పేర్లు పెట్టాడు. ఆయన చెప్పిన గ్రహాలు దొరకలేదు. హిందీ పుస్తకాలు యురేనస్, నెప్ట్యూన్‌లను అరుణ్, వరుణ్ అన్నాయి. తెలుగు పాఠ్యపుస్తకాలు అంతర్జాతీయ పేర్లనే వాడుతున్నాయి. అందుకే తెలుగు పిల్లలు చదివే గ్రహాల పట్టికలో శని వరకు భారత పురాణం, ఆ తరువాత గ్రీకు, రోమన్ పురాణం పక్కపక్కన ఉంటాయి.